రెండు నీలి గీతలు

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి నోట అబద్ధం వినడం కంటే నా మోకాళ్ల నొప్పే నయం. ఆ శుక్రవారం పొద్దున రెండూ ఒకేసారి అనుభవించాను.

"నేనే చేశాను మేడం," అన్నాడు గుమస్తా, మూడోసారి. "బయటి దేశం టైల్స్ తెప్పించాను. మన పెట్టెల్లో సర్దించాను. మన సరుకేనని సంతకం పెట్టాను. ఇంకేం అడక్కండి."

"అడక్కపోతే నాకు పొద్దెలా పోతుంది నాయనా," అన్నాను కుర్చీ లాక్కుంటూ.

టైల్స్ ఫ్యాక్టరీలో డిస్పాచ్ గది అది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఏ బండి ఎన్నింటికి బయటికెళ్లిందో రాసే బోర్డు. గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి విచారణ. సముద్రం అవతలి దేశపు సుంకాల అధికారులు తెర మీద కనబడతారు, ఈయన వాళ్లు చూస్తుండగా ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేస్తాడు, ఆ సిరా ఆరేలోగా మనవాళ్లు జైలుకి తీసుకుపోతారు. పందొమ్మిదేళ్లు ఒక్క కాగితం తప్పు పోనివ్వని మనిషి ఇలా జైలుకి తొందరపడుతుంటే నాకు ఒళ్లు మండింది.

వ్యవహారం ఇదీ. మన పొరుగు దేశం టైల్స్ మరీ కారుచౌకగా వచ్చి పడుతున్నాయని, వాటివల్ల తమ ఫ్యాక్టరీలు మూతబడుతున్నాయని అవతలి దేశం వాటి మీద భారీగా సుంకం వేసింది. మన టైల్స్ మీద ఆ సుంకం లేదు. కాబట్టి పొరుగు టైల్స్ మన పేరు పెట్టుకుని ఓడెక్కితే ఎవడో ఒకడికి పంట పండినట్టే. ఇరవై రోజుల కిందట ఈ ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన కంటెయినర్‌ని పోయిన వారం అవతలి రేవులో తెరిచారు. పెట్టెలు ఈ ఫ్యాక్టరీవి. లోపల టైల్స్ పొరుగువి. తలుపుకి వేసిన ఇనుప సీలు మాత్రం చెక్కు చెదరలేదు, దాని నంబరు కాగితాల్లో నంబరుతో సరిపోయింది. సీలు కొయ్యకుండా తలుపు తెరవడం ఎవరి తరమూ కాదు. అంటే ఫ్యాక్టరీలోంచే దొంగ సరుకు బయలుదేరిందని తీర్మానించేశారు. ఇది మా దేశపు సరుకేనని రాసిన కాగితం మీద సంతకం గుమస్తాది.

నన్ను పిలిపించింది ఈయన భార్యకి అక్క. ఇదే ఫ్యాక్టరీలో టైల్స్ ఏరే బల్ల దగ్గర పని చేస్తుంది. కొయ్య సుత్తితో టైల్‌ని తట్టి, చప్పుడు విని, లోపల కంటికి కనబడని పగులుందో లేదో చెప్పేస్తుందట. అందుకే అందరూ గంటక్క అంటారు. "మా మరిది అగ్గిపుల్ల అరువు తెచ్చినా తిరిగిచ్చే మనిషమ్మా. వాడి మాటలో పగులుంది, నాకు వినబడుతోంది. మీరొచ్చి చూడండి," అంది ఫోన్‌లో. ముప్పై ఏళ్లు కస్టమ్స్‌లో ఇతరుల పెట్టెలు తెరిచి చూసినదాన్ని. ఆ మాటకి కాదనలేకపోయాను.

"సరే, నువ్వే చేశావు," అన్నాను. "ఎప్పుడు సర్దించావు?"

"ఆదివారం. గోదాములో."

"ఎంతమందితో?"

"ఒక్కణ్ణే."

"ఒక పెట్టె తెరిచి, పాతవి తీసి, కొత్తవి పేర్చి అతికించడానికి ఎంతసేపు?"

కాసేపు ఆలోచించాడు. "రెండు నిమిషాలు."

"వెయ్యి పెట్టెలు. రెండేసి నిమిషాలు. ముప్పై మూడు గంటలైంది. ఆ ఆదివారం దేవుడు నీకోసం తొమ్మిది గంటలు ఎక్కువిచ్చాడా?"

గుమస్తా బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. నాకు జాలేసింది, కానీ జాలి పడుతూ కూర్చుంటే నాలుగవుతుంది.

"కంటెయినర్‌కి సీలు ఎవరు వేశారు?"

"నేనే. ఒంటిగంటా యాభైకి, గేటు దగ్గర." అంటూనే చొక్కా జేబు తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. సీలు పెట్టుకునే జేబు అదే కాబోలు. నేను గమనించనట్టే ఉన్నాను.

"ఒకటీ యాభైకి గేటు దాటింది. మీ కాటా పాడైందని బయటి కాటాలో తూకం వేయించారు, రెండూ ఇరవైకి. అక్కణ్ణించి రేవుకి గంట కూడా పట్టదు. రేవు గేటులో నమోదైంది ఆరూ ముప్పై అయిదుకి. మధ్యలో నాలుగ్గంటలు ఆ బండి ఏం చేసింది?"

"టైరు పంక్చరయిందన్నారు."

"ఎవరన్నారు?"

గుమస్తా పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు.

"ఇంకో సంగతి. బయటి కాటాలో తూకం ఇరవై ఏడువేల మూడొందల అరవై కిలోలు. రేవులో తూస్తే అయిదొందల యాభై కిలోలు తక్కువ. దారిలో టైల్స్ ఎండకి చిక్కిపోయాయా?"

"రెండు కాటాలు రెండు రకాలుగా తూస్తాయి మేడం. అయిదొందలంటే లెక్కలోది కాదు."

ఈ మాట అన్నది గుమస్తా కాదు. గుమ్మంలోంచి వచ్చింది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది, అత్తరు వాసన ముందొచ్చింది. సుంకాల నిఘా విభాగం అధికారి. పదిహేనేళ్ల కిందట నా దగ్గరే పని నేర్చుకున్నాడు. అప్పుడూ ఇప్పుడూ చొక్కాకి ముడత ఉండదు, అందుకని మేం ఇస్త్రీబాబు అనేవాళ్లం.

"రా నాయనా. తాతకు దగ్గులు నేర్పడానికి వచ్చావా?"

"అరెస్టు కాగితం తెచ్చాను." చేతిలో ఫైలు బల్ల మీద పెట్టాడు. "ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని మీరు ఒప్పుకోవద్దని బతిమాలడం నేనెక్కడా చూడలేదు. అవతలి దేశం మన టైల్స్ అన్నిటి మీదా అదే సుంకం వేస్తామని బెదిరిస్తోంది. ఒక్క మనిషి తప్పని తేలితే మిగతా ఫ్యాక్టరీలన్నీ బతుకుతాయి. నా ఇబ్బంది కూడా అర్థం చేసుకోండి."

"అర్థమైంది. నీకో మనిషి కావాలి. దొంగే కానక్కర్లేదు."

"ఆధారం లేకుండా రాలేదు." ఫైలు తెరిచి ఒక ఫోటో నా ముందుకు తోశాడు. "అవతలి రేవులో తీసింది. నిన్ననే వచ్చింది. ఇంకెవరికీ చూపించలేదు."

తెరిచిన అట్టపెట్టె. లోపల పన్నెండు టైల్స్ ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉన్నాయి. వాటి అంచుల మీదుగా, ఆ చివర నుంచి ఈ చివరకి, ఏటవాలుగా నీలం మైనపు పెన్సిల్‌తో గీతలు.

"నిన్న ఏరే బల్ల దగ్గర నిలబడి కళ్లారా చూశాను. ఇక్కడ కట్టే ప్రతి పెట్టెలోనూ నీలం గీత గీస్తారు. బయటివాడికి ఇదెలా తెలుస్తుంది? ఇది ఈ ఫ్యాక్టరీ చెయ్యే. నలభై పెట్టెలు తెరిచారు, నలభైలోనూ ఉంది."

నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క క్షణం గుమస్తాని నేనూ అనుమానించాను. వాడు నా దగ్గర నేర్చుకున్నది వృథా పోలేదు. కానీ గుమస్తా ఆ ఫోటో వైపు చూసిన చూపులో భయం లేదు, గుర్తు పట్టడమూ లేదు. ఆ గీతలేమిటో ఆయనకి తెలియనే తెలియదు. వెయ్యి పెట్టెల్లో వెయ్యిసార్లు గీసినవాడు అలా చూడడు.

"పద," అన్నాను మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "నువ్వు చూశానన్న బల్ల నేనూ చూస్తాను."

ఏరే గది పొడుగ్గా ఉంది. బట్టీలోంచి వచ్చిన టైల్స్ ఇంకా గోరువెచ్చగా ఒక పక్క నుంచి వస్తుంటే ఆరుగురు ఆడవాళ్లు నిలబడి ఏరుతున్నారు. చివర గంటక్క. ఎడంచేత్తో టైల్ ఎత్తి పట్టుకుంటుంది, కుడిచేత్తో చిన్న సుత్తితో ఒక్క దెబ్బ, ఖంగుమంటే ఇటు, డుబ్బుమంటే అటు. పన్నెండు కాగానే పేర్చి, పెన్సిల్ తీసి అంచుల మీదుగా సర్రున గీసింది. ఒకే ఒక్క గీత.

"ఎందుకమ్మా ఆ గీత?"

"తర్వాత ఎవరైనా మధ్యలోంచి ఒకటి లాగి నాసిరకంది దూర్చారనుకోండి, గీత తెగిపోతుంది. ఏ టైల్ మారిందో ఇట్టే తెలుస్తుంది." ఇస్త్రీబాబు వైపు చూసింది. "ఈ బాబుకి నిన్ననే చెప్పాను."

"చెప్పింది," అన్నాడు ఇస్త్రీబాబు, గెలిచినట్టు.

నేను పక్కనున్న నాలుగు పెట్టెలు తెరిపించి చూశాను. ఒక్కో గీతే. వెంట తెచ్చుకున్న రేవు ఫోటో మళ్లీ చూశాను. రెండు గీతలు, పక్కపక్కనే. నా కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను.

"నాయనా, నీకు ఒకటికీ రెండుకీ తేడా తెలుసా?"

"గీత గీతే కదా మేడం. చెయ్యి జారి రెండోది పడి ఉంటుంది."

"నలభై పెట్టెల్లోనూ జారిందా?"

ఫోటో గంటక్కకి అందించాను. ఆమె చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆ ఫోటోని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. తర్వాత బల్ల అంచు పట్టుకుంది.

"ఈ సరుకు ఓడెక్కిందా? ఇది పంపకూడదు."

"అంటే?"

"రెండు గీతలంటే రద్దు. ఈ పెట్టె గేటు దాటకూడదని. ఇది మా బల్ల దగ్గరి మాట, ఆఫీసు వాళ్లకి కూడా తెలీదు. పెట్టె కట్టాక తేడా కనిపెడితే రెండో గీత గీసి పక్కన పెట్టేస్తాం. ఇన్నేళ్లలో రెండు గీతల పెట్టె ఒక్కటి కూడా బయటికి పోలేదమ్మా."

ఇస్త్రీబాబు ఫోటో లాక్కుని చూశాడు. పొరుగు టైల్స్‌ని మన పెట్టెల్లో కట్టిన చోట ఎవరో ఒకరు, గీతలు గీసే పని తన మీద పడితే, ప్రతి పెట్టె మీదా పంపొద్దని రాశారు. చదవగలిగింది లోకంలో ఈ బల్ల దగ్గరివాళ్లే. చదవాల్సిన ఫోటో ఫైల్లో మూసిపెట్టి ఉంది.

"ఈ గుర్తు మీ ఆరుగురికి కాక ఇంకెవరికి తెలుసు?" అన్నాను.

గంటక్క పెన్సిల్‌ని వేళ్ల మధ్య తిప్పింది.

"మా వాడికి," అంది చివరికి. "నా కొడుక్కి. రవాణా కాంట్రాక్టరు దగ్గర చేరకముందు రెండేళ్లు ఈ బల్ల దగ్గరే చేశాడు. ఇప్పుడు కంటెయినర్ల వెంట రేవుదాకా వెళ్లే పని వాడిదే." ఫోటోలో రెండో గీత కొస మీద వేలు పెట్టింది. "ఇక్కడ చూడండి, చివర ఇలా విరిచి తిప్పుతాడు. పెన్సిలు అరగదియ్యకురా అని రోజూ తిట్టేదాన్ని. ఇది వాడి చెయ్యే."

పక్కనున్న అయిదుగురూ సుత్తులు దించేశారు.

ఇస్త్రీబాబు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీరేం చెబుతున్నారో మీకు అర్థమవుతోందా? మీ అబ్బాయి మీదికి వస్తుంది."

"అర్థమవుతోంది బాబూ. రాసుకో. నా కొడుకని రాసుకో." "వాడు చేశాడో, వాడిచేత చేయించారో నాకు తెలీదు. నా చెల్లెలి మొగుడు చెయ్యలేదని మాత్రం తెలుసు. మా మరిదికి గీతలే తెలీవు. అది ముందు రాసుకో."

ముప్పై ఏళ్లలో ఎంతోమంది తల్లుల్ని విచారణ గదుల్లో చూశాను. ఇలాంటి మాట వినలేదు. ఇస్త్రీబాబు కలం తీశాడు, రాయలేక మళ్లీ జేబులో పెట్టేశాడు. ఆ పిచ్చి సన్నాసి మీద నాకు మొదటిసారి కాస్త ప్రేమ కలిగింది.

గంటక్కతో కలిసి ముగ్గురం డిస్పాచ్ గదికి తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. మా వెనక గంటక్కని చూడగానే గుమస్తా లేచి నిలబడ్డాడు. ఫోటో ఆమె చేతిలో ఉంది.

"తెలిసిపోయిందా వదినా?" అన్నాడు. "మీకెవరు చెప్పారు?"

"నువ్వెందుకు చెప్పలేదు మరిదీ?"

"సీలు సంగతి నేను చెబుతాను, తప్పయితే ఆపు," అన్నాను గుమస్తాతో. "మీ కాటా పాడైన ఎనిమిది రోజులూ బయట తూకం వేయించాలి. బరువెక్కువైతే తలుపు తెరిచి పెట్టెలు దించాలి. ముందే సీలేస్తే కోసి పారెయ్యాలి. అందుకని సీలు నంబరు కాగితంలో రాసేసి, సీలు మాత్రం బండి వెంట వెళ్లేవాడి చేతికిచ్చి, తూకమయ్యాక బిగించమన్నావు. అవునా?"

"అందరూ అలాగే చేస్తారు మేడం," అన్నాడు నీరసంగా. "ఇంటి కుర్రాడే కదా అని ఇచ్చాను."

అదీ కథ. సీలు మార్చలేదు, కొయ్యలేదు. సరుకంతా మార్చేశాకే మొదటిసారి బిగించారు. ఇస్త్రీబాబు గోడకున్న బోర్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పావుగంటలో తేలే సంగతి కోసం వాడు వారం రోజులు ఒక అమాయకుణ్ణి వేపుకు తిన్నాడు.

"మరి నువ్వే చేశానని ఎందుకు ఒప్పుకున్నావు? సీలిచ్చినందుకు మహా అయితే ఉద్యోగం పోతుంది. జైలు దేనికి?"

గుమస్తా వదినగారి వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు.

"సోమవారం ఫోనొచ్చింది. అంతా నేనే చేశానని సంతకం పెడితే కుర్రాడు ఇంటికొస్తాడన్నారు. పోలీసుల దగ్గరికెళ్తే రాడన్నారు. పక్కన వాడి గొంతు వినిపించారు. బాబాయ్ అన్నాడు, అంతే." కళ్లు తుడుచుకున్నాడు. "మా ఆవిడక్కూడా చెప్పలేదు. చెబితే మీకు తెలుస్తుందని వదినా. నేను నాలుగేళ్లు లోపలుండి వస్తే పోయేదేముంది అనుకున్నాను."

గంటక్క ఏడవలేదు. వెళ్లి మరిది చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "పిచ్చోడా. నాలుగు రోజులు ఒక్కడివే మోశావా?" అంది.

నా బుర్ర మాత్రం వేరే లెక్క వేస్తోంది. సంతకం పడ్డాక కేసు మూసేస్తారు. కేసు మూశాక, అన్నీ కళ్లారా చూసిన ఆ కుర్రాడితో వాళ్లకేం అవసరం? వదిలిపెడతారని నమ్మడానికి నేను గుమస్తాని కాను.

"అబ్బాయి నీతో ఎప్పుడు మాట్లాడాడమ్మా?"

"కాంట్రాక్టరు వేరే యార్డులో పడేశాడని, అక్కడే ఉంటున్నానని చెప్పాడు. రోజూ నా తిండివేళ పన్నెండూ నలభైకి ఫోను చేసేవాడు. సోమవారం నుంచి మాట లేదు. పనిలో ఉన్నానని మెసేజీలు..."

ఆమె మాట పూర్తి కాకుండానే చీర కొంగులో ఫోను మోగింది. గడియారం వైపు అందరం ఒకేసారి చూశాం. పన్నెండూ నలభై నాలుగు.

"వాడే," అంది.

స్పీకరు పెట్టమని సైగ చేశాను. మాట పొడిగించమని కూడా చేత్తో చెప్పాను.

"అమ్మా." కుర్రాడి గొంతు ఎండిపోయి ఉంది. "నేను బాగానే ఉన్నాను. బాబాయిని నాలుగింటికి సంతకం పెట్టెయ్యమను. పెట్టేస్తే వచ్చేస్తాను."

"అలాగే నాన్నా. తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావురా?"

అవతల ఎవరో గొణిగారు. అప్పుడే ఇక్కడ ఫ్యాక్టరీ సైరను మోగింది, తిండివేళ అయిపోయిందని. గంటక్క ఫోను చెవికి హత్తుకుని కళ్లు మూసుకుంది, అచ్చం టైల్‌ని తట్టి వినేటప్పుడు నిలబడినట్టే. లైను తెగిపోయింది.

"సైరను ఫోన్లోనూ మోగింది," అంది మెల్లగా. "ఆ వెనకాలే ఇంకో చప్పుడు. గరగరమని." ఆమె కాళ్ల కింద నేల సన్నగా అదరడం మొదలైంది. నాకూ తెలిసింది, బల్ల మీద కలం దొర్లింది. "మిల్లు వేశారు."

"ఏ మిల్లు?" అన్నాడు ఇస్త్రీబాబు.

"వెనక గోడ అవతలిది. రవాణా కాంట్రాక్టరే లీజుకి తీసుకున్నాడు. పగిలిన టైల్స్ అన్నీ పిండి కొడతారు." నా వైపు తిరిగింది. "రెండు గీతల సరుకు ఎక్కడికి పోతుందో మీరడగలేదు కదమ్మా. మిల్లుకి పోతుంది. నా కొడుకు పంపొద్దని ఒక్కటే రాయలేదు. ఎక్కడున్నాడో కూడా రాశాడు."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కాటా నుంచి రేవుకి పోవాల్సిన బండి వెనక్కి తిరిగి ఈ గోడ పక్కకే వచ్చింది. ఆ నాలుగ్గంటలూ ఇక్కడే ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసు చేసిన నేను రెండు గీతలకి అర్థం అడిగి, గొప్ప పని చేశాననుకుని, రెండో ప్రశ్న మరిచిపోయాను.

"మిల్లు ఆపించు!" అని ఇస్త్రీబాబు మీద అరిచాను. వాడు అప్పటికే ఫోన్లో తన మనుషుల్ని పిలుస్తూ, అరెస్టు కాగితాన్ని బల్ల మీదే వదిలేసి పరిగెత్తాడు. గుమస్తా కుర్చీ తన్నుకుంటూ వాడి వెనక పరిగెత్తాడు.

వాళ్లిద్దరి కంటే ముందు గంటక్క ఉంది. చేతిలో ఆ కొయ్య సుత్తి ఇంకా అలాగే ఉంది. నేను మోకాళ్లు ఈడ్చుకుంటూ వెనక గోడ తలుపు చేరేసరికి అవతల మిల్లు చప్పుడులో ఆమె కొడుకుని పిలుస్తున్న కేక వినబడుతోంది. ఎవరూ పలకడం లేదు.